విదేశాంగ విధానం మీద వాదన గట్టిదా ఉత్తదా? ముందు తేదీ చూడండి

సమస్య: వింటున్నంతసేపూ వాదన తిరుగులేనట్టు ఉంటుంది, ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఏమీ మిగలదు. టీనగర్‌లో మా టీ కొట్టు దగ్గర వారం వారం చూస్తున్నా.

మొదట ఒప్పందాలు కలగాపులగం అయ్యాయేమో చూడండి. కచ్చతీవు (రామేశ్వరం, శ్రీలంకల మధ్య ఉన్న చిన్న దీవి) అనగానే అన్నీ 1974 ఒప్పందం మీదకి తోసేస్తారు. దీవి శ్రీలంకకి వెళ్ళిన సంగతి ఆ ఏడాదిదే, కానీ ఒకరి జలాల్లో ఇంకొకరు చేపలు పట్టకూడదన్న మాట 1976 లేఖల్లోది, కన్యాకుమారి కింద చేపలు బాగా దొరికే వాడ్జ్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతం మనదని తేలిందీ అప్పుడే. ఇది సరిచేస్తే సగం గొడవ చల్లారుతుంది.

అసలు దొంగ వేరే ఉంది. తర్వాత జరిగినవి మోసుకొచ్చి ముందు తీసుకున్న నిర్ణయం నెత్తిన రుద్దడం. నేనూ దీంతో దెబ్బతిన్నా. శ్రీలంకకి ఐపీకేఎఫ్‌ని (మన శాంతి పరిరక్షక సైన్యాన్ని) పంపడం తప్పు, సుమారు 1200 మంది సైనికులు పోయారు, 1991లో శ్రీపెరంబుదూర్‌లో ఎల్‌టీటీఈ (శ్రీలంకలో వేరే తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన సంస్థ) వాళ్ళు రాజీవ్ గాంధీనే చంపేశారు, ఇంకేం కావాలి అని మా మావయ్య ముందు దంచేశా. ఆయన గ్లాసు కింద పెట్టి, "1987 జూలై 29న కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఇందులో ఏది తెలుసురా వాళ్ళకి?" అన్నారు. నోరు పెగల్లేదు.

తప్పు అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నా, కాకపోతే ఆధారం మార్చుకున్నా. ఆయుధాలు అప్పజెప్పాల్సింది ఎల్‌టీటీఈ, సంతకాలేమో రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేలవి. ఆ కాగితం మీద ఎల్‌టీటీఈ సంతకమే లేదు! ఇది ఆ రోజే కనపడుతోంది, అక్టోబర్‌లో వాళ్ళకీ మన సైన్యానికీ యుద్ధం మొదలయ్యేదాకా ఆగక్కర్లేదు. అవతలివాళ్ళు "మరి 1983 నుంచి పడవలెక్కి వస్తున్న శ్రీలంక తమిళ శరణార్థులని చూస్తూ కూర్చోవాలా?" అంటారు, అనాలి కూడా, దానికి జవాబు మీ దగ్గరుండాలి.

పరిష్కారం: నిర్ణయం జరిగిన తేదీ రాసుకుని, వాదనలోంచి ఆ తర్వాతవన్నీ కొట్టేయండి, మిగిలింది నిలబడుతుందా చూడండి. గెలిచినవాటికీ ఇదే లెక్క. 1971లో పాకిస్తాన్ మీద యుద్ధం గెలిచాం కాబట్టి కరెక్టే అంటే కుదరదు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటిమంది శరణార్థులు, ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, యుద్ధానికి ముందున్న ఇలాంటివి చూపించాలి.

ఇక రహస్య డీలు, విదేశీ డబ్బులు అనే బాపతు చాలా అరుదు. కాగితం ఉంటే చూపించమనండి, లేకపోతే టీ డబ్బులు ఆయన్నే ఇవ్వమనండి.