గుండె జబ్బు కుక్కకి మందు పనిచెయ్యట్లేదా? డోసు మార్చే ముందు ఇవి చూడండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కుక్కలు పెంచేవాళ్ళ నోట ఎక్కువగా వినే మాట ఇది: "మందులు వాడుతూనే ఉన్నామండి, తగ్గట్లేదు." మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే పామరేనియన్లు, స్పిట్జ్‌లు వయసు మళ్ళాక గుండె ఎడమ గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ కవాటం మందమై, సరిగ్గా మూసుకోక ఇబ్బంది పడతాయి. డాబర్‌మాన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే సాగిపోయి నీరసపడుతుంది. ఏ మాత్రతోనూ ఈ జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ మందు సరిగ్గా పడితే కుక్క చాలాకాలం హాయిగా తిని తిరుగుతుంది. తగ్గట్లేదంటే చాలాసార్లు లోపం మందులో ఉండదు, వేసే పద్ధతిలోనో పెట్టే తిండిలోనో ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఊపిరి లెక్క నేర్చుకోండి. కుక్క గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. నిమిషానికి 30 లోపు ఉంటే ఫరవాలేదు. ఉక్కపోతకి నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు, కలలో కాళ్ళు ఆడిస్తున్నప్పుడు చూసిన లెక్క పనికిరాదు. తెల్లవారుజామున ఫ్యాన్ కింద పడుకున్నప్పుడు చూడండి. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసిపెట్టండి. డాక్టర్‌కి మీరు చెప్పే పది మాటల కంటే ఆ అంకెలే ఎక్కువ ఉపయోగం.

మందు వేస్తున్నా దగ్గు తగ్గలేదు

దగ్గు వినగానే "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అనుకుని, ఒంట్లో నీటిని మూత్రంగా తీసే లేసిక్స్ మాత్ర పెంచేస్తారు. ఇది ప్రమాదం. పెద్దదైన గుండె ఊపిరి గొట్టాన్ని నొక్కినా దగ్గు వస్తుంది. పామరేనియన్లలో గొట్టం మెత్తబడి అణిగిపోయినా వస్తుంది. ఈ రెండింట్లోనూ తీయడానికి నీరే ఉండదు కాబట్టి లేసిక్స్ ఎక్కువ వేస్తే ఒళ్ళు ఎండి మూత్రపిండాలు దెబ్బతినడం తప్ప లాభం లేదు. నిద్రలో ఊపిరి 20, 22 అలా ఉండి దగ్గు మాత్రమే ఉంటే డోసు ముట్టుకోకండి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. దగ్గుతో పాటు లెక్క కూడా పెరుగుతుంటే అప్పుడు నీటి గురించి ఆలోచించాలి.

ఊపిరి లెక్క 30 దాటింది

ఒకసారి దాటితే కాసేపాగి మళ్ళీ చూడండి. రెండోసారీ అలాగే ఉంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఆయన అడగబోయేవి ఇవి, ముందే చూసి ఉంచండి.

మాత్ర నిజంగా కడుపులోకి వెళ్తోందా? ఇడ్లీ ముక్కలో పెట్టిస్తే ఇడ్లీ మింగి, మాత్రని బుగ్గన దాచి, తర్వాత మంచం కిందకి వెళ్ళి ఉమ్మేసే కుక్కలున్నాయి. మంచం జరిపి చూస్తే వారం మాత్రలు అక్కడే దొరుకుతాయి. నాలుక వెనక పెట్టి, నోరు మూసి, గొంతు నిమిరి, మింగిందాకా వదలకండి.

గుండె కండరానికి బలమిచ్చే పిమోబెండాన్ మాత్ర ఎప్పుడు వేస్తున్నారు? దీన్ని పరగడుపున, తిండికి గంట ముందు, 12 గంటల తేడాతో రెండు పూటలా వెయ్యాలి. అన్నంలో కలిపితే ఒంటికి పట్టేది తగ్గుతుంది.

దుకాణంలో ఇచ్చిన అట్ట ఏది? ఇది చాలా జాగ్రత్తగా చూడాలి. చిన్న కుక్కకి 40 మిల్లీగ్రాముల లేసిక్స్‌లో పావు ముక్క రాస్తే, అందులో ఫ్రూసెమైడ్ (లేసిక్స్‌లోని అసలు మందు) 10 మిల్లీగ్రాములు. పేరు దగ్గరగా ఉందని లాసిలాక్టోన్ 50 తెచ్చుకుంటే, ఆ మాత్రలో ఫ్రూసెమైడ్ 20 మాత్రమే, పేరులోని 50 స్పిరోనోలాక్టోన్ అనే వేరే మందుది. పావు ముక్కలో 5 మిల్లీగ్రాములే వెళ్తాయి, అంటే సగం మందు. అట్ట వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చేత్తో విరిస్తే ముక్కలు సమానంగా రావు, మాత్రలు కోసే చిన్న డబ్బా కొనుక్కోండి.

ఇక ఉప్పు. మన ఇంట్లో ఇది పెద్ద సమస్య. ఉప్పు చేప తలకాయ, ఎండు రొయ్యల పొడి కలిపిన ముద్ద, ఆవకాయ అన్నం ఆఖరి ముద్ద, బిస్కెట్లు, చిప్స్: అమ్మమ్మలు ప్రేమగా పెట్టేవన్నీ ఇవే. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, లేసిక్స్ దాన్ని తీయడానికి చూస్తుంది. ఒక్క పండగ రోజు తిండి చాలు, రాత్రికి ఆయాసం రావడానికి. చేపల పులుసులో ఉల్లిపాయ కూడా కుక్క రక్తానికి చెరుపే. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప, అన్నం పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళకి, పిల్లలకి, పనిచేసే అమ్మాయికి అందరికీ ఈ మాట చెప్పాలి. ఒకరికి చెప్పకపోయినా లాభం లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా లెక్క పెరుగుతుంటే జబ్బు ముదిరి ఉండొచ్చు. అప్పుడు డోసు పెంచాల్సింది డాక్టరే.

లెక్క 40 దాటి, డొక్కలు ఎగరేస్తూ, మోచేతులు విడదీసి కూర్చుని పడుకోలేకపోతుంటే, చిగుళ్ళు పాలిపోయినా నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి. ఇలాంటప్పుడు ఒక అదనపు లేసిక్స్ వెయ్యమని డాక్టర్ ముందే చెప్పి ఉంటే వేసి, కదిలించకుండా ఎత్తుకుని బయల్దేరండి. మీ వైపు రాత్రి ఎవరు చూస్తారో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి.

నీళ్ళు విపరీతంగా తాగుతోంది, ఇంట్లోనే పోసేస్తోంది

ఇది లేసిక్స్ పని చేస్తోందనడానికి గుర్తు. నీళ్ళ గిన్నె మాత్రం దాచకండి, కుక్క ఎండిపోతుంది. వేసిన గంటలోపే మొదలై ఆరు గంటల వరకు దాని జోరు ఉంటుంది. పొద్దున 6కి, సాయంత్రం 6కి వేసి, పడుకునే ముందు ఒకసారి బయటకి తిప్పితే రాత్రి గోల తగ్గుతుంది.

తినట్లేదు, వాంతులు, మత్తుగా పడుంటోంది

లేసిక్స్‌తో పాటు రక్తనాళాలని వదులు చేసే ఎనాలప్రిల్ లేదా బెనాజెప్రిల్ వాడే కుక్కకి మూత్రపిండాల మీద బరువు పడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో విరేచనాలో వాంతులో తోడైతే నీరు మరీ తగ్గిపోతుంది. గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ వాడుతుంటే అది ఎక్కువైనప్పుడు మొదట కనిపించేది ఈ అరుచి, వాంతులే. కాబట్టి మందులు నోట్లోకి కుక్కేయకుండా అదే పూట ఫోన్ చేసి, ఏది ఆపాలో ఏది వెయ్యాలో అడగండి. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం చూపించండి. మందు మొదలుపెట్టిన, పెంచిన ఒకటి రెండు వారాలకి ఈ పరీక్ష ఎలాగూ చేయించాలి.

కుంటుతోందని మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. గుండె మందులతో కలిస్తే మూత్రపిండాలు పోతాయి.

ఉన్నట్టుండి పడిపోయింది

గంతులేస్తూనో దగ్గుతూనో పడి, నిమిషంలోపే లేచి మామూలుగా తిరిగితే అది గుండె వల్ల వచ్చే స్పృహ తప్పడం కావచ్చు. కాళ్ళు తన్నుకుని, చొంగ కార్చి, లేచాక కాసేపు ఎవరినీ గుర్తుపట్టకపోతే ఫిట్స్ కావచ్చు. రెండింటి మందులూ వేరు. ఫోన్‌తో వీడియో తీసి చూపించండి. ఏదైనా సరే ఆ రోజే చూపించాలి.

పొట్ట ఉబ్బింది, వెన్ను మాత్రం ఎముకలు తేలింది

తిని లావెక్కింది అనుకుంటారు. పొట్టలో నీరు చేరి, కండ కరిగిపోవడం అది. వారానికోసారి తూకం వెయ్యండి. డాక్టర్ నీరు తీసినా, తీశాక మందులు సర్దుకోవాల్సిందే.

ఏమీ లేదు, బాగానే ఉంది. ఇక ఆపొచ్చా?

ఆపకూడదు. గుండె పెరిగి ఇంకా ఆయాసం రాని దశలోనే పిమోబెండాన్ మొదలుపెడితే ఆ దశ సగటున 15 నెలలు ఎక్కువ సాగుతుందని 2016లో వచ్చిన ఎపిక్ పరిశోధన తేల్చింది. బాగున్నట్టు కనిపించేది మందు వల్లే. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూటకి రెండు కలిపి వెయ్యకండి, మామూలుగా ఒకటే వెయ్యండి.

లంక గ్రామాల్లో ఉండేవాళ్ళకి ఇంకో మాట. గోదావరికి వరదొస్తే సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని, మనుషుల్ని దాటించే పెద్ద పడవ) ఆగుతుంది, దారులు మునుగుతాయి. ఆషాఢం రాకముందే రెండు మూడు వారాల మందు తెచ్చి ఉంచుకోండి. వానాకాలం తేమకి విరిచిన ముక్కలు మెత్తబడతాయి కాబట్టి ఏ పూటకి ఆ పూట కోసి, మిగతావి అట్టలోనే, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. అట్ట మీది పేరు, మిల్లీగ్రాములు, డాక్టర్ చీటీ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.