అరవై ఏళ్ళు వెనక్కి: ఉదయగిరి నేపథ్యంలో మురిమ్ కామిక్ కట్టే పద్ధతి

నమ్మినవాళ్ళ చేతిలో చచ్చిన కత్తివీరుడు పదహారేళ్ళ కుర్రాడిగా కళ్ళు తెరుస్తాడు. తన గురువుగారి గరిడీని తగలబెట్టినవాళ్ళని ఒక్కొక్కరినే వెతుక్కుంటూ పోతాడు. కత్తివీరులు, యుద్ధవిద్యల ముఠాలు ఉండే లోకాన్ని కొరియావాళ్ళు మురిమ్ అంటారు. ఆ మురిమ్ కామిక్కులు చాలావాటికి ఇదే ఇరుసు. అదే సరుకుతో నెల్లూరు, ప్రకాశం నేల మీద తెలుగు కామిక్ కట్టాలనుకునేవాళ్ళు ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ పుట్టించడం ఒక్క పేజీ పని. పుట్టినవాడికి ఏం తెలుసు, ఎంతవరకు తెలుసు అన్న పద్దు రాసుకోకపోతే పదో ఎపిసోడ్‌కల్లా కథ చేయిజారిపోతుంది.

తిరిగిరావడంలో మూడు రకాలున్నాయి. తన గతంలోకి తానే వెళ్ళడం హ్వేగ్వి. ఇంకొకరి ఒంట్లో దూరడం బింగుయి. చచ్చి కొత్తగా పుట్టడం హ్వాన్‌సెంగ్. మూడూ కలిపి కొరియా పాఠకులు ‘హ్వే-బింగ్-హ్వాన్’ అనేస్తారు. పగ కథకి హ్వేగ్వి బాగా నప్పుతుంది. శత్రువులందరూ బతికే ఉంటారు, పైగా ఇంకా ఏ తప్పూ చేసి ఉండరు. చేయని నేరానికి మనిషిని నరకొచ్చా అన్న ముడి అప్పనంగా దొరుకుతుంది. హ్వాన్‌సెంగ్‌లో వందేళ్ళు గడిచిపోతే అసలు దోషులు మట్టిలో కలిసిపోయి ఉంటారు. పగ చల్లారి, పిల్లాడి ఒంట్లో ముసలాయన చాదస్తం మిగులుతుంది. హాస్యం కావాలంటే అది మంచిదే.

ఎన్నేళ్ళు వెనక్కి పంపాలి? అరవై. మురిమ్ కథల్లో లోపలి బలాన్ని, అంటే నేగొంగ్‌ని, ‘గాప్జా’ల్లో కొలుస్తారు. ఒక గాప్జా అంటే అరవై ఏళ్ళ సాధన. మన ప్రభవ నుంచి అక్షయ దాకా చక్రమూ అరవయ్యే. దీన్ని వాడుకోకపోతే పాపం. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచింది 1514లో, భావ నామ సంవత్సరం. వీరుడు డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ ముట్టడిలో చచ్చి 1454లో లేచాడనుకోండి, అదీ భావే. పంచాంగం చెప్పే అయ్యవారిని ‘‘ఇది ఏ సంవత్సరం సామీ?’’ అని అడిగితే ‘‘భావ గదబ్బయ్యా’’ అంటాడు. వీరుడు తాను చావలేదనీ, దెబ్బతిని పడి ఉన్నాననీ అనుకుంటాడు. నీళ్ళలో తన మొహం చూసుకునేదాకా ఆ పొరపాటు సాగనివ్వండి. మొదటి ఎపిసోడ్ ఆ మొహం మీద ఆపండి.

ఇప్పుడు పద్దు. ఒక నోట్‌బుక్‌లో ఐదు గళ్ళు గీయండి: ఏం జరుగుతుంది, ఎక్కడ, ఎప్పుడు, వీరుడికి ఎట్లా తెలుసు, దేనితో ముడిపడి ఉంది. మొదటి నలభై ఎపిసోడ్లకి ఇరవై పద్దులు చాలు. నాలుగో గడే ప్రాణం. ‘చూశాడు’, ‘విన్నాడు’ అని విడివిడిగా రాయండి. పన్నెండు చూసినవీ ఎనిమిది విన్నవీ పెట్టుకుని, విన్నవాటిలో మూడు అబద్ధాలు చేయండి. ఆ అబద్ధం మొదట ఎవరు పుట్టించారన్నదే మీ అసలు విలన్‌కి దారి.

వీరుడు ఒక సంఘటనని మార్చిన ప్రతిసారీ, ఐదో గడి చూసి దానికి ముడిపడినవన్నీ కొట్టేయాలి. ఉదాహరణకి, పెన్న వరదలో మునిగిపోవాల్సిన వర్తకుణ్ణి కాపాడాడు. ఆ వర్తకుడి సొమ్ముతో తర్వాత పైకొచ్చిన దొంగల ముఠా ఇక పుట్టదు. ఆ ముఠా చేతిలో చావాల్సినవాడు బతికే ఉంటాడు, వాడు ఎటు తిరుగుతాడో వీరుడికి తెలియదు. ఒక్క మేలుకి మూడు పద్దులు పోయాయి. కథ మూడోవంతు దాటేసరికి నోట్‌బుక్ ఖాళీ కావాలి. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు: వీరుడు అన్నీ తిప్పేస్తుంటాడు, లోకం మాత్రం పాత రైలు పట్టా మీదే పోతుంటుంది. పాఠకుడు ఆ మోసం పట్టేస్తాడు.

బలం దగ్గర ఇంకో పొరపాటు. కొరియా నిచ్చెన పొడుగ్గా ఉంటుంది: మూడో తరగతి, రెండో తరగతి, ఒకటో తరగతి, జోల్‌జోంగ్, పైన హ్వాగ్యోంగ్, ఆపైన హ్యోన్‌గ్యోంగ్. మీకు నాలుగు మెట్లు చాలు. తలలో డెబ్బై ఆరేళ్ళ విద్య ఉన్నా చేతికి పదహారేళ్ళ కండే. కాబట్టి మొదటి పది ఎపిసోడ్లలో ఏ పోరాటంలోనైనా మూడు దెబ్బలకి మించి వేయలేడని గీత గీయండి. నాలుగోది వేస్తే మణికట్టు తొలగాలి. గుహలో మూలిక దొరికి అర గాప్జా బలం వచ్చిందంటే దానికీ వెల కట్టించండి. బొడ్డు కింద డాన్‌జోన్‌లో చేరిన బలాన్ని తొందరపడి తిప్పితే అది దారితప్పి మనిషినే తినేస్తుంది, కొరియన్లో జుహ్వాయిమ్మా అంటారు. తెలుగులో ‘దమ్ము దారితప్పడం’ అంటే అందరికీ అందుతుంది. నేగొంగ్‌కి ‘లోబలం’ చాలు. కుండలిని, చక్రాలు తెచ్చిపెడితే కథ యోగా పాఠమైపోతుంది.

ముఠాలని మక్కీకి మక్కీ దించకండి. అక్కడి ‘తొమ్మిది పీఠాలు, ఒక బిచ్చగాళ్ళ ముఠా’లో షావోలిన్, వుడాంగ్ లాంటివన్నీ చైనా కొండలవి. మీకు ఉదయగిరి, కనిగిరి, కందుకూరు, అద్దంకి గరిడీలు నాలుగు సరిపోతాయి. బిచ్చగాళ్ళ ముఠా పని మాత్రం వదులుకోవద్దు. ఆ కథల్లో వార్తలు మోసేది వాళ్ళే. ఇక్కడ ఆ పని తెల్లారకముందే డమరుకం వాయిస్తూ వీధివీధీ తిరిగే బుడబుక్కలవాళ్ళకివ్వండి. జరగబోయేది చెప్పేవాడి ముందు జరగబోయేది తెలిసినవాడు నిలబడితే, ఆ సీను దానంతటదే నడుస్తుంది.

పగకి కారణం పెద్ద ఊచకోతే కానక్కర్లేదు. పుల్లరి (పశువుల మేత పన్ను) తగవులో కాటమరాజుతో పోరి వెనుదిరిగి వచ్చిన ఖడ్గ తిక్కనకి ఇంట్లో మంచం అడ్డుపెట్టి, స్నానానికి నీళ్ళూ పసుపుముద్దా పెట్టారని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. ఆయన్ని మళ్ళీ యుద్ధానికి పంపింది ఆ పసుపుముద్దే. మీ కథకీ అలాంటి చిన్న వస్తువొకటి వెతకండి. మొదటి ఎపిసోడ్‌లో ఒకసారి చూపించి, ఒక్కో శత్రువు దగ్గర మళ్ళీ చూపించండి.

బొమ్మలో కాలం తప్పు దొర్లేది ఎక్కువగా వంటింట్లోనే. 1454లో మిరపకాయ లేదు, టమాటా లేదు, వేరుశనగ లేదు. చేపల పులుసులో మిరియాలే కారం. ఒంగోలు చుట్టూ పొగాకు చేలు గీయకండి, ఎవరి నోట్లోనూ చుట్ట పెట్టకండి. సర్కారు తుమ్మ కూడా తర్వాత వచ్చిందే, చింత, వేప, తాడి వేసుకోండి.

ఇక ఫోన్‌లో కిందికి జరిపి చదివే పేజీ. వెడల్పు 800 పిక్సెల్స్ అనుకుని 1600లో గీసి, చివర్లో సగానికి తగ్గించండి. మాటల మధ్య కట్‌కీ కట్‌కీ (ఒక్కో బొమ్మ గడిని కట్ అంటారు) ఎడం 200 పిక్సెల్స్ దాకా, చోటు లేదా కాలం మారితే 600 నుంచి 1000. దెబ్బ పడే ముందు ఖాళీ పొడుగ్గా వదిలితే వేలు జరిపేలోపు గుండె ఒకసారి ఆగుతుంది. దెబ్బ పడ్డాక ఖాళీ వద్దు. ఒంటరిగా గీసేవాళ్ళు వారానికి 35, 40 కట్‌లకి మించి పెట్టుకోకండి, ఎనిమిది ఎపిసోడ్లు చేతిలో ఉన్నాకే మొదటిది వదలండి.

అక్షరాల దగ్గర తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన తిప్పలున్నాయి. 800 వెడల్పు పేజీలో 36 పిక్సెల్స్ కన్నా చిన్న అక్షరం ఫోన్‌లో కళ్ళు చికిలిస్తే గానీ కనబడదు. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో గుచ్చుకుంటాయి. మాటలకి మండలి, అరుపులకి రామభద్ర ఫాంట్లు బాగుంటాయి, రెండూ ఉచితమే. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ముందు ‘స్త్రీ, జ్ఞానం, లక్ష్మ్య’ అని కొట్టి చూడండి. ఒత్తులు విడిపోతే, ఫొటోషాప్ అయితే టైప్ సెట్టింగుల్లో వర్ల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి మళ్ళీ తెరవండి. వేరేదైతే బొమ్మ వరకు అక్కడ గీసి, మాటలు ఇంక్‌స్కేప్‌లో వేయండి. చివరగా 1280 పిక్సెల్స్ పొడవు ముక్కలుగా కోసేటప్పుడు కత్తెర ఏ మాటల బెలూన్ మీదనుంచీ పోకుండా చూసుకోండి. నెట్ నెమ్మదిగా ఉన్నచోట కింది ముక్క ఆలస్యంగా తెరుచుకుంటుంది, వీరుడి శపథం సగంలో ఆగిపోతుంది.