హంపికి ఒక్కరోజే వెళ్తున్నారా?
టూరిజం శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడ్‌ని పొద్దున్నే మాట్లాడుకోండి. ఎండ ముదరకముందే విఠల ఆలయం చూసేయాలి. అక్కడి టికెట్ పారేయొద్దు, అదేరోజు లోటస్ మహల్‌కి కూడా పనికొస్తుంది.

భోజనానికి జొన్నరొట్టె, మన గుత్తివంకాయకి దగ్గరగా ఉండే ఎణ్ణెగాయి, పల్లీల పొడి దొరికే చోటికే తీసుకెళ్లమని ముందే చెప్పండి. రొట్టె వేడిగా ఉండగానే తినాలి, ఆరితే బిరుసెక్కుతుంది.

తిన్నాక హజార రామాలయానికి వెళ్లండి. గోడల మీద రామాయణం మొత్తం వరుసగా చెక్కి ఉంటుంది. తొందరపడకుండా ఒక్కో శిల్పం గురించీ చెప్పించుకోండి, నా దృష్టిలో గైడ్‌కిచ్చే డబ్బులు ఇక్కడే గిట్టుబాటవుతాయి. విరూపాక్షాలయంలో చీకటి గది గోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది, అదీ అడిగి చూడండి.