స్క్రాప్ తక్కువే, మరి మెటీరియల్ ఎటు పోతోంది? పీవీసీ పైపు లైన్‌లో సమస్య - పరిష్కారం

సమస్య ఇలా కనిపిస్తుంది

స్క్రాప్ రిజిస్టర్‌లో వేస్ట్ ఒకటి రెండు శాతం దాటదు. క్వాలిటీ వాళ్లు పైపులన్నీ పాస్ చేస్తున్నారు. తీరా నెలాఖరున స్టాకు లెక్క తీస్తే, తయారైన పైపులకు పట్టాల్సిన దానికంటే ఆరేడు శాతం ఎక్కువ మెటీరియల్ ఖర్చయి ఉంటుంది. వెంటనే అందరి చూపూ స్టోర్ మీదకో, వేస్ట్ పైపును పొడి చేసే గ్రైండర్ దగ్గర పనిచేసేవాళ్ల మీదకో పోతుంది. దయచేసి ఎవరినీ అనుమానించకండి. ముందు ఒక్క పని చేయండి.

పైపును తూకం వేయండి

నడుస్తున్న లైన్ నుంచి సరిగ్గా ఒక మీటరు ముక్క కోసి, ఉండాల్సిన బరువుతో పోల్చండి. ఐదు నిమిషాల పని. ఇది మానేసి వారాల తరబడి రిజిస్టర్లు తిరగేసిన ప్లాంట్లు చాలా చూశాను. బరువు ఎక్కువ వచ్చిందంటే మీ వేస్ట్ స్క్రాప్ కుప్పలో లేదు, పాసైన పైపులోనే ఉంది. మీటర్ల లెక్కన అమ్మే సరుకులో ఆ అదనపు బరువుకు ఎవరూ డబ్బివ్వరు.

అసలు కారణం: డై సెంటర్ తప్పడం

డై అంటే కరిగిన పీవీసీని పైపు ఆకారంలో బయటికి తెచ్చే అచ్చు. అది సెంటర్ తప్పి పైపు గోడ ఒకవైపు మందంగా, ఎదురువైపు పల్చగా వస్తుంటే ఆపరేటర్ ఏం చేస్తాడు? పల్చటి వైపు కనీస మందం తగ్గకూడదు కాబట్టి హాల్-ఆఫ్ (పైపును ముందుకు లాగే యంత్రం) వేగం కాస్త తగ్గిస్తాడు. గోడ మొత్తం మందమవుతుంది, పైపు పాసవుతుంది. అతని తప్పేమీ లేదు. కానీ లెక్క చూడండి. బయటి వ్యాసం 110 మి.మీ. ఉన్న పైపులో అతి పల్చటి చోటు 4.0, అతి మందమైన చోటు 4.8 అయితే సగటు 4.4 మి.మీ. డై సెంటర్‌లో ఉండి 4.0 నుంచి 4.2 మధ్య వస్తే సగటు 4.1. మీటరుకు తేడా సుమారు 134 గ్రాములు, అంటే 7 శాతం. నిమిషానికి 2 మీటర్లు నడిచే లైన్‌లో రోజుకు 385 కిలోలకు పైమాటే.

బాల్ మైక్రోమీటర్‌తో (గుండ్రటి కొన ఉండే, మందం కొలిచే పరికరం) చుట్టూ 8 చోట్ల కొలవండి. వెర్నియర్ వద్దు, లోపలి వంపు మీద దాని చదును దవడ సరిగ్గా ఆనక మందం ఎక్కువ చూపిస్తుంది. కోసిన అంచు గరుకును కూడా ముందే తీసేయండి.

డై సెంటరింగ్ బోల్టు ముట్టుకునే ముందు హీటర్లు చూడండి

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక లైన్‌లో డై సెంటర్ చేసి వెళ్లిన కొద్ది రోజులకే మళ్లీ తప్పేది. మూడుసార్లు సరిచేశాను. స్క్రీన్ మీద టెంపరేచర్ ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. చివరికి క్లాంప్ మీటర్ (వైరులో కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే, డైలో ఒక జోన్‌లోని రెండు హీటర్ బ్యాండ్‌లలో (డై చుట్టూ ఉండే హీటర్ పట్టీలు) కిందిది అసలు కరెంటే తీసుకోవడం లేదు. థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) పైవైపు ఉంది కాబట్టి కంట్రోలర్‌కు అంతా బాగున్నట్టే. కిందివైపు మెటీరియల్ చల్లగా, చిక్కగా ఉండి నెమ్మదిగా కదులుతోంది, గోడ అక్కడ పల్చబడుతోంది. లూజు వైరింగ్ వల్ల ఆ బ్యాండ్ ఒక రోజు పనిచేస్తే మరో రోజు ఆగుతోంది. అందుకే ప్రతి బ్యాండ్ కరెంటూ విడివిడిగా చూడాల్సిందే. స్క్రీన్‌ను నమ్మకండి.

సరిచేయడం

డై పూర్తిగా వేడెక్కి నిలకడగా ఉన్నాకే మొదలుపెట్టండి. డై నుంచి వస్తున్న పైపు పైభాగాన మార్కర్‌తో గీత గీయండి, లేకపోతే ఏ వైపు ఏదో తెలియదు. పల్చటి వైపు సెంటరింగ్ బోల్టు కాస్త వదులు చేసి, ఎదురుగా మందం వైపు బోల్టును అంతే బిగించండి. ఒకసారికి పావు చుట్టు కూడా వద్దు.

ఆ తర్వాత ఆగాలి. డై నుంచి కట్టర్‌కు 20 మీటర్లుంటే, నిమిషానికి 2 మీటర్ల వేగంలో మార్పు మీ చేతికి రావడానికి 10 నిమిషాలు పడుతుంది. ఐదో నిమిషంలో పాత పైపునే కొలిచి, ఏమీ మారలేదనుకుని మళ్లీ బోల్టు తిప్పేవాళ్లే ఎక్కువ.

మందం సమానమైందని అక్కడితో వదిలేస్తే మిగిలేదేమీ లేదు. సగటు ఇంకా 4.4 దగ్గరే ఉంటుంది. పల్చటి చోటు మళ్లీ 4.0కి వచ్చేదాకా హాల్-ఆఫ్ వేగం కొద్దికొద్దిగా పెంచండి. అప్పుడే బరువు దిగుతుంది, అదే మెటీరియల్‌తో ఎక్కువ మీటర్లు వస్తాయి. కొత్త బరువును లైన్ పక్కనే బోర్డు మీద రాసి, ప్రతి షిఫ్ట్‌లో రెండుసార్లు తూకం వేయించండి.

ఇంకేమైనా ఉంటే

హాల్-ఆఫ్ బెల్టులు జారితే బరువు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది, ప్యాడ్లు మార్చండి. తూకం సరిగ్గానే ఉంటే బస్తాల బరువు, లైన్ మొదలుపెట్టేటప్పుడు పోయే స్టార్టప్ వేస్ట్ చూసుకోండి. మెటీరియల్‌ను కరిగిస్తూ డైలోకి తోసే స్క్రూ అరుగుదల గురించి నన్ను చాలామంది అడుగుతారు. పైపు ఒక పక్కనే మందంగా రావడానికి అది కారణం కావడం నేనెప్పుడూ చూడలేదు.