మోకాలికి పీఆర్‌పీ సూది: వారం ముందు నుంచి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా పెద్దమ్మకు మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. సొంత రక్తంతో చేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ వేస్తామని రోజు కూడా ఖాయం చేశారు. క్లినిక్ నుంచి ఫోన్ చేసినావిడ “నొప్పి మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వారం ముందే ఆపేయండమ్మా” అని చెప్పి పెట్టేసింది. పెద్దమ్మకు గుండెలో స్టెంటు వేసి అప్పటికి ఏడు నెలలు. చెప్పినట్టే రెండు రకాలూ ఆపేసింది. నాలుగో రోజు నేను వెళ్లి మందుల డబ్బా సర్దుతుంటే ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ అట్టలు ముట్టుకోకుండా ఉన్నాయి. గుండె డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన కంగారుపడి, ఆ నిమిషమే మళ్లీ మొదలుపెట్టించారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఆ నాలుగు రోజుల్లో స్టెంటు మూసుకుపోయి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

అందుకే మాత్రల సంగతి ముందు చెబుతాను. పీఆర్‌పీ అంటే మన చేతి నుంచి కొంచెం రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) ఎక్కువగా ఉన్న భాగాన్ని మాత్రం వేరుచేసి కీలులోకి ఎక్కించడం. దెబ్బ తగిలిన చోట ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు మరమ్మతుకు తోడ్పడతాయని దీని వెనకున్న ఆలోచన. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ పనికి అడ్డం పడతాయని, మామూలుగా వారం ముందు నుంచి ఆపమంటారు. సూది తర్వాత కూడా కొన్ని వారాలు వద్దంటారు. ఎన్నాళ్లో మీ డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. ఈలోపు నొప్పికి సాధారణంగా పారాసెటమాల్ ఇస్తారు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర మీద పారాసెటమాల్ అని కనబడుతుంది, దాని పక్కనే చిన్న అక్షరాల్లో అసెక్లోఫెనాక్ అని కూడా ఉంటుంది. అట్ట తిప్పి పూర్తిగా చదవండి.

గుండెకు, పక్షవాతానికి వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ లాంటివి వేరే జాతి. వాటిని ఆపమనే హక్కు ఫోన్ చేసినవాళ్లకు లేదు, మోకాలి డాక్టరు ఒక్కరికీ లేదు. వాటిని రాసిన డాక్టరు ఒప్పుకోవాలి. ఆయన వద్దంటే వద్దంతే. ఆ మాత్రలు వాడుతూ సూది వేయించుకుంటే ఫలితం తగ్గొచ్చా, రక్తస్రావం భయం ఎంత అని మోకాలి డాక్టరును అడగండి. అంతగా అయితే ఆ సూదే మానుకోవచ్చు. మోకాలి నొప్పి ప్రాణం తీయదు కదా.

ఇంకొకటి, ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడులు, నల్ల గుళికలు నెలల తరబడి మింగేవాళ్లు చాలామంది ఉన్నారు. మింగిన రెండు రోజులకే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని అనుమానించాలి. సిగ్గుపడి డాక్టరు దగ్గర దాచొద్దు. చాలాకాలం స్టెరాయిడ్ వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రమాదంలో పడతారు. ఆ పొట్లం తీసుకెళ్లి చూపించండి.

అసలు ఈ నొప్పి గుజ్జు అరగడం వల్లేనా అన్నది తేల్చుకోవాలి. పొద్దున లేవగానే వేళ్లు, మణికట్లు గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే, రెండు చేతుల కణుపులూ వాచి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు ఇచ్చే మందులు కావాలి, మోకాలిలో సూది కాదు. చికున్‌గున్యా జ్వరం వచ్చి తగ్గాక కొందరికి నెలల పాటు కీళ్లు పట్టేస్తాయి. ఆ సంగతి చెప్పకుండా సూదికి తొందరపడొద్దు. నడుము నొప్పితో పాటు కాలు పట్టు తప్పడం, మలమూత్రాల మీద అదుపు పోవడం, తొడల మధ్య మొద్దుబారడం ఉంటే ఏ ఇంజెక్షన్ గురించీ ఆలోచించకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఈ సూదుల వల్ల ఎంత లాభమన్నది మనసులో స్పష్టంగా ఉంచుకోండి. లాభం కనిపించిందన్న చిన్న పరిశోధనలు చాలానే ఉన్నాయి. కానీ ఆస్ట్రేలియాలో 288 మంది మోకాలి రోగుల మీద జాగ్రత్తగా చేసిన ప్రయోగం 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉప్పునీరు ఎక్కించారు. ఎవరికి ఏది ఎక్కించారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో గానీ, గుజ్జు అరుగుదలలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు 2019లోనే అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ, స్టెమ్ సెల్ (మూలకణాల) సూదులు వద్దని గట్టిగా చెప్పింది. ఒక్కో చోట ఒక్కో రకంగా తయారు చేస్తుండటం అందుకొక కారణం. గ్లూకోజ్ ద్రావణంతో చేసే ప్రోలోథెరపీని కూడా ఆ సంఘం ప్రోత్సహించలేదు. ఇవన్నీ తెలిశాక కూడా వేయించుకుంటానంటే తప్పు పట్టను, నొప్పితో రాత్రిళ్లు నిద్రలేని మనిషి బాధ నేను కళ్లారా చూశాను. “గుజ్జు మళ్లీ పుడుతుంది, ఆపరేషన్ అవసరమే ఉండదు, ఈ వారమే డబ్బు కడితే తగ్గింపు” అనేవాళ్ల దగ్గర మాత్రం వేయించుకోవద్దు.

స్టెమ్ సెల్ అనే మాట వినిపిస్తే ఇంకా ఆగండి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ప్రధానంగా రక్తజబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివే ఒప్పుకున్న చికిత్సలు, మిగతావి అనుమతి ఉన్న ప్రయోగాల్లోనే జరగాలి. ఆ తర్వాత 2022లో మోకాలి అరుగుదలకు ఒక స్టెమ్ సెల్ ఉత్పత్తికి, దేశంలో మందులకు అనుమతులిచ్చే డ్రగ్ కంట్రోలర్ అనుమతి వచ్చింది. కాబట్టి “ఏ ఉత్పత్తి? అనుమతి పత్రం ఏది?” అని అడగండి. ప్రయోగమని చెబితే డబ్బు ఎందుకు తీసుకుంటున్నారని అడగండి. అమెరికాలో 2018లో బొడ్డుతాడు రక్తంతో చేసిన సూదులు వేయించుకున్న 12 మంది ఇన్‌ఫెక్షన్లతో ఆసుపత్రి పాలయ్యారు.

వాయిదా వేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరం, మూత్రంలో మంట, పంటిచీము, కాలిమీద మానని పుండు ఉంటే అది తగ్గేదాకా వద్దు. ఎక్కడో ఉన్న క్రిమి కీలులోకి చేరితే తిప్పలు మామూలుగా ఉండవు. వానాకాలంలో డెంగీ వచ్చి తగ్గినవాళ్లు ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి, అంటే లక్షన్నరకు పైగా వచ్చాయో లేదో రక్తపరీక్షలో చూసుకోవాలి. షుగరు ఎక్కువగా ఉంటే ముందు దాన్ని దారికి తెచ్చుకోవాలి. పెద్దమ్మకు అందుకే నెల రోజులు వాయిదా వేయించాం. పీఆర్‌పీ అని చెప్పి స్టెరాయిడ్ కూడా కలుపుతున్నారేమో అడగండి, స్టెరాయిడ్ పడితే కొన్ని రోజులు షుగరు బాగా పెరుగుతుంది. మోకాలి మీద బామ్, నూనె, పసుపు పట్టు, ఆకుల కట్టు నాలుగైదు రోజుల ముందే ఆపేయండి. చర్మం పొక్కినా, గోకిన గాయం ఉన్నా ఆ చోట సూది దిగకూడదు.

సూది రోజున టిఫిన్ మానేయాల్సిన పని మామూలుగా ఉండదు, నీళ్లు బాగా తాగి వెళ్లండి. మత్తు ఇస్తామంటే మాత్రం పరగడుపున రావాలా అని కనుక్కోండి. పంచె గానీ, మోకాలి పైకి సులువుగా జరిగే బట్టలు గానీ వేసుకోండి. బండి మీద వెళ్లొద్దు, తోడు మనిషిని తీసుకెళ్లండి. ఆ తోడు మనిషికి ఒక ముఖ్యమైన పని ఉంది. చేతులు కడిగారా, కొత్త గ్లౌజులూ మాస్కూ వేసుకున్నారా, సిరంజి, కిట్టు సీలు మన ముందే విప్పారా, రక్తం తీసిన గొట్టం మీద మన పేరు రాశారా అని చూడాలి. ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. అమెరికాలోని న్యూజెర్సీలో 2017లో ఒకే క్లినిక్‌లో మోకాలి సూదులు వేయించుకున్న 41 మందికి కీళ్లలో చీము పట్టింది. శుభ్రత పాటించకపోవడమే కారణమని తేలింది.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు నొప్పి, బిగుతు పెరగడం సహజం. ఆ రోజుల్లో మర్దన వద్దు, కింద కూర్చోవద్దు, బరువులెత్తొద్దు. అలాగని మంచానికి అతుక్కుపోవడమూ మంచిది కాదు, ఇంట్లో మెల్లగా నడవాలి. కానీ జ్వరం, వణుకు వచ్చినా, మోకాలు ఎర్రగా కాలిపోతున్నట్టుండి వాపు పెరిగినా, కాలు కింద పెట్టలేకపోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. తెల్లవారనీ అనుకుంటే కీలు పాడైపోతుంది. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా అంతే.

ఆ తర్వాత మూడు నెలలు అసలైన పని. మూడు నెలలు దాటిన నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది ఒక్క కీలుకు సంబంధించింది కాదు, నిద్ర, బరువు, టెన్షన్ అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఆసరా. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టేదాకా నిలిపి దించడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయాలి. చేతికర్ర నొప్పి ఉన్న కాలి పక్కన కాదు, రెండో పక్క చేత్తో పట్టుకోవాలి. ఇది చాలామందికి తెలియదు. పీట మీద కూర్చుని కూరలు తరగడం, కింద కూర్చునే మరుగుదొడ్డి, ఈ రెండూ మార్చినందుకే పెద్దమ్మకు సగం హాయి అనిపించింది. రాత్రి నిద్ర పట్టక, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే పెద్దవాళ్లుంటే ఆ విషయమూ డాక్టరుకు చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

సూది పడ్డాక పెద్దమ్మకు నొప్పి కొంత తగ్గింది. సూది వల్లా, వ్యాయామం వల్లా, తగ్గిన నాలుగు కిలోల వల్లా అంటే నేను చెప్పలేను. అలిపిరి మెట్లెక్కుతానన్న మొక్కు ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. అవి మూడున్నర వేల మెట్లు, కాబట్టి ఈ ఏడాదికి బస్సులోనే కొండకు తీసుకెళ్లాం. వచ్చే ఏడాది డాక్టరు సరేనంటే కొన్ని మెట్లే ఎక్కించి, దిగేటప్పుడు మాత్రం తప్పకుండా బస్సెక్కిస్తాం. అరిగిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ కష్టం.