నియంత మీద ఎక్కిరింపు పాట ఎట్ల కట్టాలి

ముందు బాణీ తేల్చుకోవాలి. కొత్త రాగం కోసం వెతకొద్దు. పాలమూరు, నల్లగొండ కాలేజీ పిల్లల చెవుల్లో బతుకమ్మ ‘ఉయ్యాలో’, గొల్లసుద్దుల (గొల్లలు పాడి చెప్పే కథల) నడక ముందే ఉంటాయి. వంత వచ్చిన గుంపుకు మాటలొక్కటే నేర్పితే చాలు. ప్రజాకవి సుద్దాల హన్మంతు నిజాం మీద పోరుకు గొల్లసుద్దులను ఎత్తుకున్నారు. ఆ నడక ఊరూరా తెలిసిందే కదా. సినిమా బాణీ మాత్రం వద్దు. వినేవాళ్ల నోట్లో పాత మాటలే తిరుగుతాయి, మీ మాట వినబడదు.

ఒక పాటకు ఒక్క సంగతే. ఎదిరించినవాళ్లను జైల్లో పెట్టిన ఇందిరాగాంధీ ఎమర్జెన్సీని తీసుకుందాం. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా, దాదాపు 21 నెలలు. ‘నియంతృత్వం నశించాలి ఉయ్యాలో’ అని రాస్తే అది నినాదం, ఎవరూ నవ్వరు. పాలకులు గొప్పగా చెప్పుకున్న మాటనే అందుకోవాలి. ఆ రోజుల్లో రైళ్లు టైముకు నడుస్తున్నాయని చెప్పుకునేవారు. సరే, పొగుడుదాం:

రైలు టైముకొచ్చె ఉయ్యాలో
ఎక్కెటోల్లు లేరు ఉయ్యాలో
ఎక్కెటోల్లు యాడ ఉయ్యాలో
జైలులున్నరమ్మ ఉయ్యాలో

‘ఉయ్యాలో’ను పక్కన పెడితే ప్రతి పాదంలో తొమ్మిది మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తక్షరం ముందుదానికీ రెండు), మూడేసిగా విరుగుతాయి: రైలు–టైము–కొచ్చె, జైలు–లున్న–రమ్మ. నాలుగో పాదంలో ‘నిర్బంధించారు’ అని పెట్టి చూడండి. లెక్కకు తొమ్మిదే, కానీ మూడేసిగా విరగదు, దరువు జారిపోతుంది. ‘జైలు’ను రెండో పాదంలోనే చెప్పేస్తే ఇక నవ్వడానికి ఏమీ మిగలదు. రైలుకు జైలు ప్రాస కలిసేది చివర్లోనే, దెబ్బ పడేదీ అక్కడే. పొగుడుతున్నట్టే తిట్టడమంటే ఇదే.

‘ఉయ్యాలో’కు ఆరు మాత్రలు. మొత్తం పదిహేను, మూడేసికి ఒక అడుగు చొప్పున ఐదడుగులు. గుండ్రంగా నిలబడి పాడితే ఇబ్బంది లేదు. ఊరేగింపులో మాత్రం పాటలో ఒక పాదం ఎడమ కాలితో, ఇంకోటి కుడి కాలితో మొదలై నడక తడబడుతుంది. చివరి ‘లో’ను ఇంకో మూడు మాత్రలు సాగదీస్తే ఆరడుగులవుతాయి, ఊపిరి తీసుకోవడానికీ చోటు దొరుకుతుంది.

ఎక్కిరించాల్సింది హుకుమును, గొప్పలను, చేసిన పనిని. ఒంటి రంగు, అవిటితనం, కులం, తల్లి, వైధవ్యం జోలికి పోవద్దు. ఆ పాదం రాగానే వంతలో సగం గొంతులు ఆగిపోతాయి, మరునాడు అవతలివాళ్లు ఆ ఒక్క మాట మీదనే మాట్లాడతారు. అలాగని మర్యాదగా పిలవాలనీ లేదు. నల్లగొండ పోరులో పుట్టిన బండి యాదగిరి పాట నిజాం సర్కారును ‘కొడుకో’ అనే పిలిచింది. సింహాసనం మీదున్నోడిని ఊరి రచ్చబండ కాడికి గుంజుకొచ్చే పిలుపు అది.

నాలుగైదు చరణాలు, మూడు నిమిషాలు చాలు. పాట ఎత్తుకునేవాళ్లు ఒకరు, పక్కన ఇద్దరు వంతలు, మిగతా అందరిదీ ‘ఉయ్యాలో’. బతుకమ్మ బాణీ అయితే అమ్మాయే ఎత్తుకోవడం మంచిది, ఆ గమకం వాళ్ల గొంతుల్లో ఉంది. గదిలో పాడినదానికన్నా కాస్త కింది శ్రుతిలో మొదలుపెట్టాలి. గుంపులో గొంతు తనంతట తానే పైకి పోతుంది. పైనే మొదలుపెడితే మూడో చరణానికి బొంగురుపోతుంది.

డప్పును ఎండుగడ్డి మంట మీద కాచి తీసుకెళ్లాలి. చెమ్మ తగిలితే చర్మం వదులై మోత చస్తుంది, వాన రోజు తాళాలే దిక్కు. నాలుగో పాదం దగ్గర చిర్ర (కుడి చేతి లావు పుల్ల) ఆపాలి, ఎడమ చేతి సన్న చిటికెన పుల్ల ఒక్కటే ఆడాలి. ‘జైలు’ అన్న మాట అప్పుడే వెనక వరుసకు చేరుతుంది.

పాట గురించి ఏమీ తెలియని మనిషికి, హాస్టల్ వంటాయనకో ఛాయ్ బండి అన్నకో, ఒకసారి పాడి వినిపించండి. ‘ఏ రైలు?’ అని అడిగితే ఎత్తుకునే ముందు ఏ ఏడాది, ఏం జరిగిందని ఒక్క ముక్క చెప్పాలి. ఇప్పటి పద్దెనిమిదేళ్లవాళ్లకు ఆ ఒక్క ముక్క తప్పనిసరి. పాట అయిపోగానే నినాదం అందుకోవద్దు, నవ్వు చల్లారేదాకా ఆగాలి.