సీ బుక్కులో కనపడని సంగతి: టోటల్ లాస్ కార్లు కొనేముందు

వానలు తగ్గి దసరా, దీపావళి దగ్గరపడితే సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు ఊపందుకుంటాయి. నీళ్లలో మునిగిన బండ్లు కడిగించుకుని, పాలిష్ పెట్టించుకుని, కొత్త సీట్ కవర్లతో మార్కెట్‌లోకి దిగేదీ ఆ రోజుల్లోనే. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగాయి. ఇలాంటి ప్రతి వరద తర్వాతా ఎన్నో కార్లు ఇన్సూరెన్స్ లెక్కలో ‘టోటల్ లాస్’, అంటే బాగుచేయించడం గిట్టదని కంపెనీ వదిలేసినవి అవుతాయి. అవన్నీ తుక్కుకే పోతాయనుకుంటే పొరపాటు. వరద బండ్లే కాదు, హైవే మీద నుజ్జయి టింకరింగ్‌తో మళ్లీ నిలబడిన బండ్లదీ ఇదే కథ.

అసలు ఇబ్బంది ఏమిటంటే, మన దేశంలో ఈ సంగతి సీ బుక్కులో, అంటే ఆర్‌సీలో రాయరు. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టి వదిలించుకున్న బండికీ, ఒక్క గీత కూడా పడని బండికీ ఆర్‌సీ ఒకేలా ఉంటుంది. కాబట్టి ఆ సమాచారాన్ని మనమే వేరే కాగితాల్లోంచి తవ్వి తీయాలి. బండి చూడటానికి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. పాత పాలసీ చూపించమని అడిగేవాళ్లే తక్కువ.

ముందు టోటల్ లాస్ ఎలా అవుతుందో చూద్దాం. పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండికి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన విలువ అది. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కగడతారు. ఉదాహరణకు ఎనిమిదేళ్ల కారు ఐడీవీ 2 లక్షల 40 వేలు అనుకుందాం. షోరూమ్ ఎస్టిమేట్ లక్షా 80 వేలు దాటితే చాలు. వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), సీట్లు, కార్పెట్ అన్నీ కొత్తవి వేయాలని రాస్తే ఆ అంకె తేలిగ్గానే వస్తుంది. అదే 10 లక్షల ఐడీవీ ఉన్న రెండేళ్ల కారు టోటల్ లాస్ అయిందంటే ఏడున్నర లక్షలకు పైగా పని ఉందన్నమాట. అందుకే నా లెక్కలో పాత టోటల్ లాస్ బండి కంటే కొత్త టోటల్ లాస్ బండికే ఎక్కువ భయపడాలి. జనం చేసేది దీనికి తలకిందులు: రెండేళ్ల బండి, సగం ధర అనగానే అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

క్లెయిమ్ తేలాక ఆ బండి సాల్వేజ్ కింద, అంటే దెబ్బతిన్న సరుకుగా వేలానికి వెళుతుంది. కొనేవాళ్లు పక్క రాష్ట్రాల నుంచి కూడా ఉంటారు. మళ్లీ వాడటానికి పనికిరాకుండా పోయిన బండి గురించి ఓనరు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. రద్దు కాని ఆర్‌సీతో బండి చేతులు మారిందంటే దాని దారి మూడు రకాలు. విడిభాగాలుగా అమ్ముడుపోవచ్చు. రిపేరు చేసి అమ్మవచ్చు. లేదంటే బండిని తుక్కులో పడేసి, దాని ఛాసిస్ నంబర్‌నూ సీ బుక్కునూ అదే మోడల్, అదే రంగు దొంగబండికి తగిలించవచ్చు. ఈ మూడోది అన్నిటికన్నా చెడ్డది. మునిగిన బండి కొంటే రిపేర్లకు డబ్బు పోతుంది. దొంగబండి కొంటే పోలీసులు బండినే తీసుకుపోతారు, మనం స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

కాగితాలతో మొదలుపెట్టండి

గత మూడేళ్ల ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. మధ్యలో కొన్ని నెలలు పాలసీ లేకుండా ఖాళీ ఉందా? టోటల్ లాస్ చెల్లించాక ఆ పాలసీ అక్కడితో ముగుస్తుంది. మళ్లీ బండిని నిలబెట్టి కొత్త పాలసీ తీసుకునేసరికి ఖాళీ కనిపిస్తుంది. తర్వాత ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతం వరకు పెరుగుతుంది. ఒకే ఓనరు దగ్గర ఐదేళ్లున్న కారుకు ఎన్‌సీబీ సున్నా అయితే నిరుడు క్లెయిమ్ చేశారన్నమాట, లేదా పాలసీ 90 రోజులకు మించి ఆగిపోయి ఉండాలి. ఎందుకని అడగండి. ఒక్క మాట: ఎన్‌సీబీ ఓనరుది, బండిది కాదు. ఈ మధ్యే చేతులు మారిన బండికి సున్నా ఉంటే తప్పేమీ కాదు. అప్పుడు అంతకుముందు ఓనరు పాలసీ చూడాలి.

తర్వాత షోరూమ్ సర్వీస్ రికార్డు. ఓనరును వెంటబెట్టుకుని వెళ్తే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చూపిస్తారు. కిలోమీటర్లు మాత్రమే చూసి వచ్చేయకండి. ఒక తేదీన యాక్సిడెంట్ అనో వరద అనో ఎస్టిమేట్ వేసి, దానికి రిపేరు బిల్లు లేకుండా ఆగిపోయిందా అని చూడండి. ఎస్టిమేట్ ఉండి బిల్లు లేకపోతే టోటల్ లాస్ అయిందేమోనని గట్టిగా అనుమానించాలి. పక్కన ఎక్కడో చేయించాం అంటే ఆ బిల్లులు చూపించమనండి.

తెలంగాణలో తిరిగిన బండ్లకు ఇంకో చిన్న కిటుకు ఉంది. ఈ-చలాన్ సైట్‌లో ఫొటోలు కూడా ఉంటాయి. పాత చలాన్ ఫొటోలో బండి రంగు, అలాయ్ వీల్స్, అద్దం మీది స్టిక్కర్ ఇప్పుడు ఎదురుగా ఉన్న బండితో కలుస్తున్నాయో లేదో చూడండి. చలాన్లు కట్టాలా అని చూసే సైటే అయినా బండి చరిత్ర కూడా కాస్త చెబుతుంది.

ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. అంతకుముందు ఏపీ 16 అని చూడగానే కృష్ణా జిల్లా బండి అని తెలిసేది. ఇప్పుడు నంబర్ ప్లేట్ చూసి ఊరు చెప్పలేం, ఆర్‌సీలో అడ్రస్ చదవాల్సిందే. వరద వచ్చిన ప్రాంతం అడ్రస్ ఉన్నంత మాత్రాన బండి మునిగిందని కాదు కానీ, ఆ వారం బండి ఎక్కడుందో అడిగే హక్కు మీకుంది. పక్క రాష్ట్రం నుంచి ఎన్ఓసీతో (అక్కడి ఆర్టీఏ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రంతో) వచ్చిన బండి అయితే అక్కడి ఓనరుతో ఫోన్‌లోనైనా మాట్లాడండి. ‘ఆయన ఫారిన్‌లో ఉన్నాడు, నేనే అన్నీ చూసుకుంటా’ అని బ్రోకర్ అంటే అక్కడితో లేచి రావడం మేలు.

దొంగబండి అనుమానం తీరడానికి దేశమంతటి నేరాల రికార్డులు చూసే ఎన్‌సీఆర్‌బీ వారి ఆన్‌లైన్ వెహికల్ ఎన్ఓసీ తీసుకోండి. కానీ టోటల్ లాస్ బండి నంబర్‌తో చూస్తే అది క్లీన్‌గానే వస్తుంది, ఎందుకంటే దొంగతనం జరిగింది ఆ నంబర్ బండి కాదు కదా. అందుకే బాడీ మీద చెక్కిన ఛాసిస్ నంబర్‌ను వేలితో తడిమి చూడాలి. అక్షరాల లోతు, వరుస సమానంగా ఉన్నాయా, చుట్టూ పెయింట్ కొత్తదా, రేకు అతికిన గీత ఉందా? ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) ఉన్న మెకానిక్ చేత ఈసీయూలో ఉన్న నంబర్ కూడా చదివించండి. చాలా బండ్లలో అది వస్తుంది. రేకు మీద నంబర్ మార్చినవాడు అక్కడ కూడా మార్చి ఉండకపోవచ్చు.

బండిలో ఎక్కడ చూడాలి

కాగితాలన్నీ బాగున్నా బండి మునగలేదని అర్థం కాదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న ఓనర్లకు వరద నష్టం క్లెయిమే రాదు. వాళ్లు సొంత డబ్బుతో ఆరబెట్టించి అమ్మేస్తారు, ఏ రికార్డులోనూ ఉండదు.

సీట్ బెల్టును చివరిదాకా లాగండి. కడిగేవాళ్లు అందులోపలి మడత దాకా పోరు, బురద చార ఉంటే అక్కడే దొరుకుతుంది. సీటు ముందుకు జరిపి కింది పట్టాలు, స్ప్రింగులు, బోల్టులు టార్చ్‌తో చూడండి. మూడేళ్ల బండికి అక్కడ తుప్పు రాకూడదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. డ్యాష్‌బోర్డు కింద పడుకుని బ్రాకెట్లు, కనెక్టర్లు చూడండి. పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్ ఒక్కటి కనిపించినా బేరం మానుకోండి. పెర్‌ఫ్యూమ్ ఘాటుగా కొడుతుంటే అద్దాలు ఎక్కించి, బండిని గంటసేపు ఎండలో ఉంచి తలుపు తీయండి. తడి కార్పెట్ వాసన పెర్‌ఫ్యూమ్‌ను దాటుకుని వస్తుంది.

వైరింగ్ విషయంలో ఎవరి గ్యారంటీ నమ్మొద్దు. ఇంజన్ విప్పి బాగు చేయవచ్చు, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చవచ్చు. కానీ తలుపుల్లో, సీట్ల కింద పాకిన వందల తీగల్లో ఎక్కడ నీరు నిలిచిందో ఎవరూ చెప్పలేరు. ఇవాళ పవర్ విండో, ఆరు నెలలకు సెంట్రల్ లాకింగ్, ఓ రాత్రి హైవే మీద హెడ్‌లైట్లు. పైగా చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ గేర్ లివర్ దగ్గర, కింది భాగంలోనే ఉంటుంది. నీళ్లు ముందు చేరేది అక్కడికే.

ఎయిర్‌బ్యాగ్ లైటు తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోతే అంతకన్నా అనుమానించాలి, బల్బు తీసేసి ఉంటారు. పేలిన బ్యాగ్ స్థానంలో రెసిస్టర్ పెట్టి లైటును మోసం చేసే పద్ధతి కూడా ఉంది. స్టీరింగ్ కవర్, డ్యాష్‌బోర్డు రంగులో తేడా ఉంటే స్కానర్‌తో చూపించండి.

యాక్సిడెంట్ బండికి తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కొద్దిగా లాగి పిల్లర్ (పైకప్పును మోసే నిలువు కమ్మీ) చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి చిన్న గుంటల్లా సమదూరంలో ఉంటుంది. చేత్తో చేసిన వెల్డింగ్ ఉబ్బెత్తుగా తెలిసిపోతుంది. బంపర్, ఫెండర్ మారితే పర్వాలేదు. ఏప్రాన్ (బానెట్ కింద ఇంజన్ పక్కనుండే రేకు), పిల్లర్, ఛాసిస్ కాళ్లు (ముందు భాగాన్ని మోసే కమ్మీలు) కోసి అతికిస్తే వద్దు.

ఎలక్ట్రిక్ కారు మునిగిందని తెలిస్తే ఏ ధరకీ కొనకండి. బ్యాటరీకి ఐపీ 67, అంటే నీళ్లు చొరబడవనే రేటింగ్ ఉంది కదా అంటారు. ఆ పరీక్ష ఒక మీటరు లోతులో అరగంటకు. బుడమేరు నీళ్లు కాలనీల్లో రోజుల తరబడి నిలిచాయి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు పరిస్థితి కాస్త నయం. అక్కడ టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీదే ‘సాల్వేజ్’ అనీ, బాగుచేశాక ‘రీబిల్ట్’ అనీ రాస్తారు. కానీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చేటప్పుడు ఆ ముద్ర చెరిపేసే మోసగాళ్లున్నారు. 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు కూడా వరద కార్ల గురించి ఇలాంటి హెచ్చరికలే వచ్చాయి. అక్కడి ఇన్సూరెన్స్ మోసాలను పట్టే సంస్థ ఎన్ఐసీబీ వారి విన్‌చెక్ (ఛాసిస్ నంబర్‌తో బండి చరిత్ర చూసే సైట్) ఉచితం. డబ్బు కట్టకముందే ఫుల్ కవరేజ్ ఇస్తారా అని ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి, రీబిల్ట్ టైటిల్‌కు కొందరు ఇవ్వరు.

తెలిసే కొంటుంటే

ఎస్టిమేట్ కాపీ, విరిగిన బండి ఫొటోలు, మార్చిన భాగాల బిల్లులు దాచకుండా చూపించే ఓనరు దొరికితే పాత టోటల్ లాస్ బండి కొనడం పిచ్చిపని ఏమీ కాదు. ధరను మాత్రం మామూలు మార్కెట్ రేటులోంచి కొద్దిగా తగ్గించి కాదు, మళ్లీ అమ్మేటప్పుడు మీకొచ్చే ధర ఊహించుకుని అక్కడి నుంచి లెక్కపెట్టండి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఇన్సూరెన్స్ కంపెనీ చేత ఇన్‌స్పెక్షన్ చేయించి, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి డబ్బిచ్చే) పాలసీ ఇస్తారో లేదో తేల్చుకోండి.

ఎవరి దగ్గర కొన్నా ఒక కాగితం రాయించుకోండి: ‘ఈ బండి టోటల్ లాస్ కింద క్లెయిమ్ కాలేదు, వరదలో మునగలేదు, ఏప్రాన్, పిల్లర్ల పని జరగలేదు’ అని, ఛాసిస్ నంబర్‌తో, సంతకంతో. కార్ల కన్సల్టెన్సీ వాళ్లు నోటితో ఎన్నైనా చెబుతారు, పెన్ను చేతికిస్తే అసలు మాట బయటికొస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి, దాని కాపీ కూడా అడగండి. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే పెట్టించండి. కొన్న 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి.

కొన్నాక మోసం బయటపడితే, డీలర్ దగ్గర కొన్నవాళ్లు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 50 లక్షల దాకా విలువైన కొనుగోళ్లు అక్కడే విచారిస్తారు. రాయించుకున్న కాగితం, యూపీఐ రసీదులు, వాట్సాప్ సందేశాలు అక్కడ పనికొస్తాయి. మామూలు వ్యక్తి దగ్గర కొన్నవాళ్లకు ఆ దారి లేదు, సివిల్ కోర్టుకో, మోసం కేసుకో వెళ్లాలి. ఛాసిస్ నంబర్‌లో తేడా ఉందని తెలిస్తే మాత్రం బండి తీయడం ఆపేసి, లాయర్‌తో మాట్లాడి, పోలీసులకు మీరే ముందుగా చెప్పండి.